లిడ్‌విల్ డాక్టరు, నల్ల కొమ్ముకోనాం

1913 ఫిబ్రవరి 8న ఆస్ట్రేలియా తూర్పు తీరంలో, సిడ్నీకి ఉత్తరాన పోర్ట్ స్టీఫెన్స్ దగ్గర సముద్రంలో, మార్క్ లిడ్‌విల్ అనే డాక్టరు గాలానికి ఒక నల్ల కొమ్ముకోనాం పడింది. ఇంగ్లీషులో దాన్ని బ్లాక్ మార్లిన్ అంటారు. బరువు 70 పౌన్లు, అంటే 32 కిలోలు. మా గోపాల్‌పూర్ ఒడ్డున ఆ బరువు కొమ్ముకోనాం దిగితే పక్క పడవ వాళ్ళు ఓసారి తల తిప్పి చూస్తారు, అంతే. వ్యాపారి తూకం వేస్తాడు, ఐసులో పెడతాడు, మధ్యాహ్నానికల్లా అది బరంపురం దాటిపోతుంది. లిడ్‌విల్ పట్టిన చేప ఎముకల గూడు మాత్రం సిడ్నీలోని ఆస్ట్రేలియన్ మ్యూజియానికి చేరింది. కర్రా రీలూ పట్టుకుని ఈ జాతి చేపను ఒడ్డుకి తెచ్చినట్టు అంతకుముందు ప్రపంచంలో ఎక్కడా నమోదు కాలేదు మరి.

ఆయన గురించి రాయాలని నాకు చాలాకాలంగా ఉంది. మాది గోపాల్‌పూర్‌లో చేపల వేట కుటుంబం. ఒడిశా గడ్డ మీద పుట్టి తెలుగే మాట్లాడే ఇళ్ళు మా పేటనిండా ఉన్నాయి. నేను బరంపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్లో మత్తు టెక్నీషియన్‌ని. గాలాల ఆట తెలిసినవాళ్ళకి లిడ్‌విల్ అంటే మొదటి మార్లిన్ పట్టిన మనిషి. మత్తు డాక్టర్లకి, గుండె డాక్టర్లకి లిడ్‌విల్ అంటే యంత్రాలు చేసిన మనిషి, ఆగిన గుండెను కరెంటుతో కొట్టించిన మనిషి. ఈ ఇద్దరూ ఒకరేనని రెండు వైపులా చాలామందికి తెలియదు. నాకు రెండు వైపులా చుట్టరికం ఉంది కాబట్టి ఈ పని నేనే చెయ్యాలనిపించింది.

ముందు చేప సంగతి. కొమ్ముకోనాంకి పై దవడ ఎముక మూరెడు ముందుకి పొడుచుకొచ్చి ఉంటుంది. ఇందులో రకాలున్నాయి. వీపు మీద పెద్ద రెక్క విప్పుకునేదాన్ని మావాళ్ళు నెమలికోనాం అంటారు. నల్లదాన్ని గుర్తుపట్టడం ఎలాగో నాన్న నా చిన్నప్పుడే చూపించాడు. చెంప పక్కనుండే రెక్కను ఒంటికేసి నొక్కాలి. మిగతావాటికి మడుచుకుంటుంది. నల్లదానికి బిర్రుగా అలాగే నిలబడుతుంది, ఇంకా గట్టిగా నొక్కితే విరుగుతుంది గానీ వంగదు. చాలా ఏళ్ళ తర్వాత చేపల శాస్త్రం చదివితే అక్కడా ఇదే గుర్తు రాసి ఉంది. పెద్దవన్నీ ఆడవే. గాలానికి చిక్కినవాటిలో అన్నిటికన్నా పెద్దది 1953 ఆగస్టు 4న పెరూలో కాబో బ్లాంకో దగ్గర దొరికింది, 1,560 పౌన్లు, 707 కిలోలు. ఆ లెక్కన లిడ్‌విల్‌ది పిల్ల చేప. పిల్ల చేపే అయినా కొమ్ముకోనాం కొమ్ముకోనామే. గాలం తగిలిన మరుక్షణం నీళ్ళ పైకి లేస్తుంది, తల విదిలిస్తుంది, ఒక్క ఊపులో వందల గజాల దారం లాక్కుపోతుంది.

మావాళ్ళు దాన్ని చేతిదారంతో పడతారు. లావు తంగూసు, దాని చివర ఇనప తీగ, గాలానికి ఎరగా కానగడత చేప. నాన్న వేళ్ళకి పాత సైకిలు ట్యూబు ముక్కలు చుట్టుకునేవాడు. అయినా కుడి చూపుడు వేలి మడతలో తంగూసు కోసిన గీత ఇప్పటికీ తెల్లగా కనిపిస్తుంది. చేప పరుగెడితే వదలాలి, ఆగితే లాగాలి, మళ్ళీ పరుగెడితే మళ్ళీ వదలాలి. ఇంజను దగ్గర కూర్చున్నవాడు పడవ ముక్కును చేప పోయే వైపే తిప్పుతూ ఉండాలి. దగ్గరికొచ్చాక ఒకరు కొక్కెం వేస్తారు, ఇంకొకరు తల మీద కర్రతో కొడతారు. ఈ చివరి నిమిషమే ప్రాణాంతకం. 2022లో విశాఖ వైపు పరవాడ దగ్గర సముద్రంలో ఒక మత్స్యకారుడు కొమ్ముకోనాం పొడిచి చనిపోయాడు. ఆ వార్త వచ్చిన రోజు మా పేటలో ఎవరికీ అన్నం సయించలేదు. ఆయన మావాళ్ళకి తెలిసిన మనిషి కాదు, అయినా పడవ ఒకటే, చేప ఒకటే.

కర్రతో పట్టడం వేరే విద్య. 1913 నాటి రీళ్ళు ఇప్పటి వాటిలాంటివి కావు. చేప లాగుతుంటే దారం దానంతటది జారుతూ, బిగువు మాత్రం సడలకుండా ఉంచే బ్రేకు బిళ్ళల రీళ్ళు అమెరికాలో అప్పుడప్పుడే వస్తున్నాయి. అంతకుముందు వాటికి పిడి చక్రానికే బిగించి ఉండేది. చేప పరుగెత్తితే పిడి వెనక్కి గిర్రున తిరిగి వేలి కణుపులు పగలగొట్టేది. చక్రం మీద ఒక తోలు ముక్క ఉంటుంది, దాన్ని బొటనవేలితో నొక్కి ఆపాలి. ఎక్కువ నొక్కితే దారం తెగుతుంది, తక్కువ నొక్కితే దారమంతా ఖాళీ అవుతుంది. దారం కూడా నైలాను కాదు, అవిసె నార పేనింది. ఎండితే ఒక బలం, తడిస్తే ఒక బలం. వాడాక ఆరబెట్టకపోతే కుళ్ళిపోతుంది. ఈ ఆటకి పద్ధతీ మర్యాదా ఏర్పడి అప్పటికి ఎంతో కాలం కాలేదు. 1898లో కాలిఫోర్నియా ఎదురుగా ఉన్న కాటలీనా దీవి దగ్గర చార్లెస్ హోల్డర్ అనే ఆయన 183 పౌన్ల సూర చేపను కర్రతో పట్టి, దాని చుట్టూ ఒక క్లబ్బు పెట్టాడు. సన్నదారంతోనే పట్టాలి, ఎవరి చేప వాళ్ళే పైకి తేవాలి, ఇంకొకరు కర్ర ముట్టుకోకూడదు అనే నియమాలు అక్కడి నుంచి వచ్చినవే.

లిడ్‌విల్ ఫోటో ఒకటి ఫోన్లో నాన్నకి చూపించి ఈ కథంతా చెప్పాను. మొదట అడిగింది ఎర గురించి. ఏం ఎర వేశాడో రాయలేదు నాన్నా అన్నాను. అది రాయకుండా ఇంకేం రాసినట్టు అన్నట్టు మొహం పెట్టాడు. తర్వాత అడిగాడు.

"తిండికా?"

"కాదు నాన్నా."

"అమ్మడానికా?"

"అదీ కాదు. పెద్ద డాక్టరు, డబ్బుకి లోటు లేదు."

"మరెందుకే అమ్మా, అంత కట్టం?"

"సన్నదారం తెగకుండా తేగలనా లేదా అని."

కాసేపు ఊరుకుని అన్నాడు: "అదైతే మాకూ ఉందిలే. డబ్బులు అందరికీ ఒచ్చీస్తాయి. దారం తెగకుండా తెచ్చినోడినే గదా ఏటగాడంటాం."

నాకు ఆ మాటతో ప్రాణం లేచొచ్చింది. నేను మాటల కోసం వెతుక్కుంటున్నది అదే.

ఇక ఆయన డాక్టరు పని. లిడ్‌విల్ 1878లో ఇంగ్లండులో పుట్టి, కుర్రతనంలో ఆస్ట్రేలియా చేరి, మెల్బోర్న్ విశ్వవిద్యాలయంలో వైద్యం చదివి, సిడ్నీలో స్థిరపడ్డాడు. చేప పట్టిన 1913లోనే సిడ్నీ విశ్వవిద్యాలయం ఆయన్ని మత్తు పాఠాలు చెప్పడానికి నియమించింది. అక్కడ ఆ విషయానికి ఆయనే మొదటి అధ్యాపకుడు. ఆ ఏడాదికి మా బరంపురం ఇంకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది, ఒడిశాలో కలిసింది 1936 ఏప్రిల్ 1న. మా తాతల తండ్రులు తెప్పల మీద వేటకి వెళ్ళే రోజులు.

అప్పటి మత్తు ఎలా ఉండేదో మా సీనియర్ డాక్టరుగారు ఒకరోజు ఓపిగ్గా చెప్పారు. తీగ చట్రం మీద గుడ్డ వేసి, మనిషి ముక్కూ నోరూ కప్పి, ఆ గుడ్డ మీద ఈథర్ చుక్కలు చుక్కలుగా పోసేవారు. ఘాటు వాసన. రోగి ఊపిరాడక గింజుకునేవాడు, చొంగ కారేది, దగ్గేవాడు. ఈథర్ ఆవిరికి నిప్పంటుకుంటే థియేటరే అంటుకుంటుంది. ఆపరేషన్ మొహానికో గొంతుకో అయితే ఇంకా కష్టం. సర్జన్ పని చెయ్యాల్సిన చోటే మత్తు ఇచ్చేవాడి చెయ్యి అడ్డం. 1909లో మెల్ట్‌జర్, ఔవర్ అనే ఇద్దరు న్యూయార్క్‌లో ఒక దారి చూపించారు. శ్వాసనాళంలోకి సన్నటి గొట్టం పెట్టి ఈథర్ కలిసిన గాలిని ఆగకుండా ఊదడం. లిడ్‌విల్ ఆ పద్ధతిని పట్టుకుని, ఆస్ట్రేలియా ఆసుపత్రులు వాడుకోగల యంత్రం సొంతంగా తయారుచేశాడు. ఆ దేశంలో అది చాలా ఏళ్ళు నడిచింది. మొహం మీద గుడ్డ పోయింది, సర్జన్‌కి చోటు దొరికింది, మత్తు ఎంత పోతోందో చేతిలోకి వచ్చింది.

నేను రోజూ పొద్దున్నే థియేటర్‌కి వెళ్ళగానే చేసే మొదటి పని మా మత్తు వర్క్‌స్టేషన్ చెక్ చెయ్యడం. ఆక్సిజన్ ప్రెషరు చూస్తాను, గొట్టాలు ఎక్కడైనా లీకవుతున్నాయేమో బ్యాగు నొక్కి చూస్తాను, సెవోఫ్లురేన్ అనే మత్తు మందు సీసాలో మట్టం చూస్తాను. బ్యాగు నొక్కి పట్టుకున్నప్పుడు వేళ్ళకి తెలుస్తుంది, గాలి నిలబడుతోందా జారిపోతోందా అని. తెర మీద అంకె తర్వాత వస్తుంది, ముందు చెయ్యి చెప్తుంది. బొటనవేలితో తోలు ముక్క నొక్కి చేపను ఆపిన మనిషి ఈ పని కూడా చేశాడంటే నాకు వింతగా అనిపించదు.

మా ఇంటికి ఆయన దగ్గరవాడైంది నాన్న గుండె వల్ల. వల లాగుతూ పడవ పక్కనే కూలబడిపోయాడు. ఎండ దెబ్బ అనుకుని పెదనాన్న నీళ్ళు కొట్టి లేపాడు. నేను వెళ్ళి నాడి పట్టుకుంటే నిమిషానికి 36. నాకు అక్కడే చెమట్లు పట్టాయి. ఆసుపత్రికి తెచ్చి ఈసీజీ తీస్తే, గుండె పై గదుల గీతలు వాటి దారిన అవి పోతున్నాయి, కింద గదుల గీతలు వాటి దారిన అవి పోతున్నాయి, ఒకదానికొకటి సంబంధం లేదు. కంప్లీట్ హార్ట్ బ్లాక్ అంటారు. పై నుంచి వచ్చే ఆజ్ఞ కిందకి దిగకపోతే కింద గదులు తమకు తోచిన నెమ్మది లయలో కొట్టుకుంటాయి. ఎప్పుడైనా ఆగొచ్చు. గుండె డాక్టరు నాన్న భుజం మీద చెయ్యేసి ఒడియాలో "మౌసా, భయపడొద్దు, చిన్న పనే" అన్నారు. నాన్న నా వైపు చూశాడు. పేస్‌మేకర్ పెట్టాలి, గుండెను కరెంటుతో కొట్టించే చిన్న యంత్రం అని నేను తెలుగులో చెప్పాను. అన్ని కేసుల్లో నిలబడే చోటే నిలబడ్డాను గానీ ఆ రోజు కాళ్ళు నావి కావు.

చూసినవాళ్ళు తక్కువ కాబట్టి చెప్తాను. ఎడమ జత్రుక ఎముక (కాలర్‌బోన్) కింద మత్తు సూది వేసి, రెండు అంగుళాలు కోసి, అక్కడి సిర లోంచి సన్నటి తీగను ఎక్స్‌రేలో చూసుకుంటూ గుండె కుడి కింద గదిలోకి దించుతారు. తీగ కొనకి చిన్న మర ఉంటుంది, దాన్ని గుండె కండరంలోకి తిప్పుతారు. తర్వాత వోల్టేజి తగ్గించుకుంటూ పోతారు. ఒక్కో మెట్టూ దిగుతుంటే ఎక్కడో ఒకచోట గుండె పలకడం మానేస్తుంది. నాన్నకి అది 0.6 వోల్టు దగ్గర. దానికి పైన బాగా ఎక్కువగా పెట్టి స్థిరం చేస్తారు. ఆ తర్వాత ఇంకో పరీక్ష ఉంది. యంత్రం కొట్టించే వేగం నెమ్మదిగా తగ్గించి, అడుగున గుండె సొంతంగా కొట్టుకుంటోందా లేదా చూస్తారు. నాన్నకి తగ్గించారు. తెర మీద గీత పడుకుంది. ఏమీ రాలేదు. డాక్టరుగారు వెంటనే మళ్ళీ పెంచారు. కొన్ని సెకన్లే. ఆ సెకన్ల తర్వాతే నేను లిడ్‌విల్‌ని అసలు అర్థం చేసుకున్నానని అనుకుంటాను.

ఆయన 1920లలో చేసింది ఇది. సిడ్నీ విశ్వవిద్యాలయం భౌతికశాస్త్రవేత్త ఎడ్గర్ బూత్ సాయంతో ఒక పెట్టె తయారుచేశాడు. గదిలో దీపం పెట్టే కరెంటు పాయింటుకే దాన్ని తగిలించొచ్చు. రెండు కొనలు. ఒకటి గాఢమైన ఉప్పునీళ్ళలో తడిపిన పట్టీ, చర్మం మీద ఉంచాలి. రెండోది సూది. మొన తప్ప మిగతా అంతా కరెంటు తగలకుండా పూత ఉంటుంది. దాన్ని ఛాతీ లోంచి నేరుగా గుండె గదిలోకి దింపాలి. వేగం నిమిషానికి 80 నుంచి 120 వరకూ, వోల్టేజి 1.5 నుంచి 120 వరకూ మార్చుకోవచ్చు. సిడ్నీలో క్రౌన్ స్ట్రీట్ మహిళల ఆసుపత్రిలో ఒక బిడ్డ గుండె కొట్టుకోకుండా పుట్టింది. మందులన్నీ అయిపోయాయి. సూది గుండె కింద గదిలోకి దించి 16 వోల్టులతో నడిపారు. ఒక్కో కరెంటు దెబ్బకీ గుండె ఒక్కోసారి పలికింది. పది నిమిషాలు అలా నడిపాక కరెంటు ఆపారు. గుండె తనంతట తాను కొట్టుకుంది. బిడ్డ బతికింది. ఈ సంగతి 1929లో సిడ్నీలో జరిగిన వైద్యుల మహాసభలో ఆయనే చెప్పాడు.

పది నిమిషాలయ్యాక కరెంటు ఆపడం దగ్గరే నా మనసు ఆగిపోతుంది. పలుకుతున్న గుండె మీద నుంచి చెయ్యి తియ్యడానికి ఎంత ధైర్యం కావాలి! నడుస్తోంది కదా, ఇంకాసేపు నడవనీ అనుకోవడమే తేలిక. గీత పడుకుంటే ఏం చెయ్యాలో ఆయనకి చెప్పినవాళ్ళెవరూ లేరు, ముందు ఎవరూ చెయ్యలేదు. చేప లాగితే వదలాలి, వదిలినా బిగువు పోకూడదు అని నాన్న చెప్పే మాటలోని పని అదే. గుండెకి వదిలి చూశాడు, అది అందుకుంది. ఆ చేప వల్లే ఆ బిడ్డ బతికిందని నేను అనడం లేదు. ఒకే మనిషి చేతులు రెండు పనులూ చేశాయి, ఆ చేతుల మీద నాకు గౌరవం.

అందరినీ బతికించవచ్చని ఆయన గొప్పలు చెప్పుకోలేదు. చాలాసార్లు పని చెయ్యకపోవచ్చు, కానీ ఏ ఆశా మిగలని చోట యాభై మందిలోనో వందమందిలోనో ఒక్కరు బతికినా అది మేలే కదా అన్నాడు. పేటెంటు తీసుకోలేదు. చాలా ఏళ్ళు తన పేరు కూడా బయటికి రానివ్వలేదు. చచ్చినవాళ్ళను లేపడం అనే పనికి అప్పట్లో సమాజంలో అభ్యంతరాలు ఎక్కువ, గొడవ ఎందుకని తప్పుకున్నాడు. 1932లో న్యూయార్క్‌లో ఆల్బర్ట్ హైమన్ తన యంత్రం గురించి రాసి, దానికి ఆర్టిఫిషియల్ పేస్‌మేకర్ అని పేరు పెట్టాడు. ఆ పేరే నిలిచింది. 1958 అక్టోబరు 8న స్వీడన్‌లో సెన్నింగ్ అనే సర్జన్, ఎల్మ్‌క్విస్ట్ అనే ఇంజనీరు చేసిన యంత్రాన్ని ఆర్నె లార్సన్ అనే రోగి ఒంట్లో మొదటిసారి అమర్చాడు. మొదటిది కొన్ని గంటలే పనిచేసింది. లార్సన్ మాత్రం మార్చి మార్చి పెట్టించుకుంటూ 2001 దాకా బతికాడు, తనకు యంత్రం చేసి పెట్టిన ఆ ఇద్దరూ పోయాక కూడా. లిడ్‌విల్ 1969లో, తొంభై దాటాక చనిపోయాడు. ఒంట్లో ఇమిడే పేస్‌మేకర్లు వచ్చాయని ఆయన చూసే పోయాడు. ఆ సంగతి నాకు సంతోషం.

గాలం ఆట తర్వాత బాగా డబ్బున్నవాళ్ళ ఆటయిపోయింది. 1936లో పేరున్న ఒక అమెరికన్ నవలా రచయిత పడవా సామానూ వేసుకుని ఆస్ట్రేలియాలో బెర్మగుయి రేవుకొచ్చి మార్లిన్లు పట్టాక ఆ తీరం పేరు మోగింది. 1939లో న్యూయార్క్‌లో అంతర్జాతీయ గేమ్ ఫిష్ అసోసియేషన్ పెట్టినప్పుడు ఆ ఆలోచన వెనక ఆస్ట్రేలియావాడు క్లైవ్ ఫర్త్ కూడా ఉన్నాడు. 1966లో కెయిర్న్స్ దగ్గర ఆ దేశంలో మొదటిసారి వెయ్యి పౌన్లు దాటిన నల్ల కొమ్ముకోనాం కర్రకు దొరికింది, 1,064 పౌన్లు. ఇప్పుడు అక్కడ చాలామంది చేపకి ట్యాగు గుచ్చి మళ్ళీ నీళ్ళలో వదిలేస్తారు. న్యూ సౌత్ వేల్స్‌లో అలా ట్యాగు వేసే పథకం 1973 నుంచి నడుస్తోంది. మళ్ళీ దొరికిన ట్యాగుల వల్లే ఈ చేపలు ఎంత దూరం పోతాయో, ఎంత పెరుగుతాయో లోకానికి తెలిసింది.

వదిలెయ్యడం గురించి చెప్తే మా పేటలో కుర్రాళ్ళు నమ్మలేదు. వాళ్ళని నేను తప్పుపట్టను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలంలో రుషికుల్య వైపు ఇంకో నిషేధం, డీజిలు ఖర్చు, వడ్డీ. ఒక్క కొమ్ముకోనాం పడితే ఆ రోజు పడవ ఖర్చు తీరి ఇంటికి నాలుగు డబ్బులొస్తాయి. ఆ చేపను వదలమని ఎవరూ అనలేరు, నేనూ అనను. కానీ చేపకి ట్యాగు వేసి రాసుకునేవాళ్ళ లెక్కలు లేకపోతే రేపు ఈ చేప మన నీళ్ళలో ఉంటుందో ఉండదో ఎవరూ చెప్పలేరు. సరదాకి పట్టేవాడు, పొట్టకి పట్టేవాడు ఇద్దరూ ఒకే చేప మీద బతుకుతున్నారు. వాళ్ళు రాసుకున్నది మనకి చేరాలి, మనవాళ్ళకి తెలిసింది వాళ్ళకి చేరాలి. చెంప రెక్క వంగదన్న సంగతి నాన్నకి చెప్పినవాడు ఏ పుస్తకమూ చదవలేదు.

ఇది చదివి సోనాపూర్ నుంచో, ఇచ్ఛాపురం అవతల నుంచో నన్ను అడిగేవాళ్ళుంటారు కాబట్టి, వేటకి వెళ్ళే ఇళ్ళల్లో పేస్‌మేకర్ పెట్టించుకున్నవాళ్ళ కోసం నాలుగు మాటలు రాస్తున్నాను. మొదటి కొన్ని వారాలు ఆ వైపు చెయ్యి భుజం కన్నా పైకి ఎత్తకూడదు, తీగ కదలొచ్చు. అంటే వల విసరడం, తాడు లాగడం పూర్తిగా బంద్. ఎప్పటి నుంచి చెయ్యొచ్చో మీ డాక్టరే చెప్పాలి. సెల్‌ఫోన్ ఆ వైపు చొక్కా జేబులో పెట్టొద్దు, మెషీన్‌కి కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. నడుస్తున్న ఇంజను మీద ఛాతీ ఆనించి వంగొద్దు, మూరెడు దూరం ఉంచండి. పడవ రిపేరుకి వెల్డింగ్ చేస్తుంటే దగ్గర నిలబడొద్దు. కళ్ళు తిరిగినా, కోసిన చోట వాచినా, ఎర్రబడినా ఆ రోజే రండి, సంత రోజు దాకా ఆగొద్దు. చెకప్ తేదీ తప్పించొద్దు, బ్యాటరీ ఎంత మిగిలిందో అప్పుడే తెలుస్తుంది. ఆసుపత్రి ఇచ్చిన కార్డు ప్లాస్టిక్ కవర్లో పెట్టి మొలకి కట్టుకోండి. నాన్న అలాగే కట్టుకుంటున్నాడు. కోసిన చోటు మానింది. డాక్టరు ఒప్పుకున్నాక మళ్ళీ పడవెక్కుతున్నాడు గానీ, ఇంజను దగ్గర మా తమ్ముడు కూర్చుంటున్నాడు, నాన్న ముందు వైపు కూర్చుని దారం పట్టుకుంటున్నాడు.